కరవు పనిగా నాటకం – హాలీ ఫ్లానగన్ జీవితం

పాఠ్యభాగ ఉద్దేశం: కష్టకాలంలో కళాకారుణ్ణి ఆదుకోవడమంటే దానం చేయడం కాదనీ, అతని విద్యకు తగిన పని చూపడమే నిజమైన సహాయమనీ తెలియజేయడం, ప్రభుత్వ ధనంతో నడిచే కళకు ఎదురయ్యే చిక్కులను విద్యార్థుల ఆలోచనకు తేవడం.

వానలు కురవక పైరులు మాడిపోయినప్పుడు ప్రభుత్వాలు కరవు పనులు పెట్టించడం మన దేశంలో ఎప్పటినుండో ఉన్న పద్ధతి. 1876-78 నాటి మహాక్షామ కాలంలో మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలుపుతూ బకింగ్‌హాం కాలువను తవ్వించింది కరవు పనిగానే. చెరువుల పూడిక తీయడం, కంకర కొట్టడం, బాటలు వేయడం – కరవు పనులనగానే మనకు స్ఫురించేవి ఇవే. పలుగూ పారా పట్టగలిగిన చేతికి ఆ పూట కూలి దొరుకుతుంది. మరి హార్మోనియం మెట్ల మీద ఆడిన చేతి సంగతి ఏమిటి? ముఖానికి రంగు పూసుకొని రాజుగానో బంటుగానో నిలిచిన నటుని సంగతి ఏమిటి? టిక్కెట్టు కొనవలసిన ప్రేక్షకుడే పస్తులుంటే నాటక సమాజానికి బత్తెం ఎక్కడిది? నటుని ఇంట కూడా పొయ్యిలో పిల్లి లేవదు.

ఈ ప్రశ్నకు ఒక దేశం విలక్షణమైన సమాధానం చెప్పింది. నాటకాన్నే కరవు పనిగా నిర్ణయించి, పని కోల్పోయిన నటీనటులకు రాజ్యకోశం నుండి జీతాలిచ్చింది. 1935 నుండి 1939 వరకు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సాగిన ఆ మహాప్రయత్నం పేరు ఫెడరల్ థియేటర్ ప్రాజెక్ట్. దాని భారాన్ని ఆసాంతం మోసిన విదుషీమణి హాలీ ఫ్లానగన్.

బాల్యం – విద్య

హాలీ 1889లో సౌత్ డకోటాలోని రెడ్‌ఫీల్డ్ అనే చిన్న పట్టణంలో జన్మించింది. ఆమె పుట్టింటి పేరు ఫెర్గూసన్. అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ పట్టణంలో పెరిగి, అక్కడి కళాశాలలోనే 1911లో పట్టభద్రురాలైంది. ఆ రోజుల్లో అదే కళాశాలలో చదువుకుంటున్న మరొక విద్యార్థి హ్యారీ హాప్‌కిన్స్. చదువుకునే నాటి ఆ పరిచయం పాతికేళ్ళ తరువాత ఒక దేశపు రంగస్థల చరిత్రను మలుపు తిప్పుతుందని వారిద్దరిలో ఎవరూ ఊహించి ఉండరు.

చదువు ముగిసిన పిమ్మట ఆమె మరీ ఫ్లానగన్‌ను వివాహమాడింది. ఇద్దరు కుమారులు కలిగారు. అయితే ఆ సంసారసుఖం ఎంతో కాలం నిలవలేదు. 1919లో భర్త క్షయవ్యాధితో మరణించాడు. ఆ గాయం మానకముందే, 1922లో పెద్ద కుమారుడు జ్వరం మెదడు పొరలకు సోకి కన్నుమూశాడు. ముప్పై మూడేళ్ళ వయసులో ఆమెకు మిగిలింది ఒక పసివాడు, ఒక ఉద్యోగం, నాటకం మీద తీరని మమకారం. దుఃఖంలో కూరుకుపోక ఆమె పనిని ఆశ్రయించింది. హార్వర్డ్‌లో జార్జ్ పియర్స్ బేకర్ అనే సుప్రసిద్ధ ఆచార్యుని నాటకశాలలో శిక్షణ పొంది, 1925లో, అప్పట్లో స్త్రీల విద్యాసంస్థగా ఉన్న వాసర్ కళాశాలలో అధ్యాపకురాలిగా చేరింది.

రంగస్థల ప్రయోగాలు

1926లో ఆమెకు గుగెన్‌హైమ్ పరిశోధక వేతనం లభించింది. ఆ గౌరవం పొందిన తొలి మహిళలలో ఆమె ఒకరు. ఆ సహాయంతో ఆమె ఐరోపాలోని పలు దేశాలు తిరిగి అక్కడి నాటకశాలలను పరిశీలించింది. రష్యాలో మేయర్‌హోల్డ్ ప్రదర్శనలు ఆమెను ఎంతగానో ఆకర్షించాయి. రంగస్థలమంటే ఒక గదిని, నాలుగు కుర్చీలను యథాతథంగా చూపే చోటు మాత్రమే కాదనీ, వెలుగు, శబ్దం, కదలిక కలిసి ఒక ఆలోచనను ప్రేక్షకుని ముందు నిలబెట్టగలవనీ ఆమె గ్రహించింది.

తిరిగి వచ్చి వాసర్ కళాశాలలో ప్రయోగాత్మక నాటకశాలను నెలకొల్పింది. చెకోవ్ రచించిన ఒక చిన్న ప్రహసనాన్ని ఒకే సాయంత్రం మూడు భిన్న రీతులలో ప్రదర్శింపజేసి పండితుల మెప్పు పొందింది. 1931లో, అనావృష్టితో అలమటించిన ఆర్కన్సా రాష్ట్ర రైతుల గాథను శిష్యురాలైన మార్గరెట్ క్లిఫర్డ్‌తో కలిసి నాటకంగా రచించి ప్రదర్శించింది. పిల్లలకు పాలు లేక, కొట్టులో సరుకు ఉండీ కొనే శక్తి లేక, రైతులు గుంపుగా కదిలిన వృత్తాంతమది. ధనికుల ఆడపిల్లలు చదివే కళాశాల వేదిక మీదికి ఆకలిగొన్న రైతు రావడం ఆనాడు గొప్ప విశేషం.

ఆర్థిక మాంద్యం

1929 అక్టోబరులో న్యూయార్కు స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. బ్యాంకులు మూతపడ్డాయి, కర్మాగారాలు ఆగిపోయాయి. 1933 నాటికి అమెరికాలో పనిచేయగలవారిలో సుమారు నాలుగింట ఒక వంతు మందికి పని లేదు. నాటకరంగానికి ఈ దెబ్బ మరింత గట్టిగా తగిలింది. ఎందుకంటే అప్పటికే సినిమా మాటలు నేర్చి, ఊరూరా నాటకశాలలను తన వశం చేసుకుంటున్నది. మన తెలుగునాట కూడా 1932లో 'భక్త ప్రహ్లాద'తో టాకీల యుగం మొదలైన తరువాత ఎన్నో నాటక సమాజాలు చితికిపోయాయి. తరతరాలుగా నాటకాన్నే నమ్ముకున్న సురభి కుటుంబాలు సైతం ఆ పోటీకి తట్టుకోవడానికి ఎన్నో అగచాట్లు పడ్డాయి. అమెరికాలో ఈ రెండు ఆపదలూ ఒక్కసారే వచ్చి పడ్డాయి. నటులు, గాయకులు, వాద్యకారులు, తెరలు చిత్రించేవారు, దుస్తులు కుట్టేవారు, దీపాలు అమర్చేవారు, అందరూ వీధిన పడ్డారు.

అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1935లో నిరుద్యోగులకు పని కల్పించే బృహత్తర పథకాన్ని ఆరంభించి, దాని నిర్వహణను హ్యారీ హాప్‌కిన్స్‌కు అప్పగించాడు. రహదారులు, వంతెనలు, బడులు, విమానాశ్రయాలు ఆ పథకం కింద వెలిశాయి. అయితే హాప్‌కిన్స్ అంతటితో ఆగలేదు. కళాకారునికి కూడా అందరిలాగే ఆకలి ఉంటుందనీ, వయొలిన్ వాయించే చేతికి పార ఇస్తే అటు బాట సరిగా పడదు, ఇటు సంగీతమూ మిగలదనీ అతని అభిప్రాయం. అందుచేత చిత్రకళ, సంగీతం, రచన, నాటకం అనే రంగాలకు ప్రత్యేక శాఖలు ఏర్పడ్డాయి. మొత్తం పథకపు ఖర్చులో ఈ కళల వాటా నూటికి ఒక వంతు కూడా లేదు.

నాటక శాఖకు అధిపతిగా హాప్‌కిన్స్ తన కళాశాల నాటి నేస్తాన్ని ఎంచుకున్నాడు. న్యూయార్కు వ్యాపార నాటకరంగంలో పేరు మోసినవారు ఎందరో ఉండగా ఒక కళాశాల అధ్యాపకురాలిని నియమించడం పలువురికి నచ్చలేదు. కానీ హాప్‌కిన్స్‌కు కావలసింది లాభం లెక్కించే వ్యాపారి కాదు. దేశమంతటినీ ప్రేక్షకశాలగా చూడగల మనిషి. ప్రభుత్వం సొమ్మిచ్చినా నాటకం నోరు నొక్కదని అతడు బహిరంగంగా మాట ఇచ్చాడు. 1935 ఆగస్టులో హాలీ ఫ్లానగన్ ఆ బాధ్యతను స్వీకరించింది.

పథకం నడచిన తీరు

ఈ పథకానికి రెండు లక్ష్యాలు. పని లేనివానికి పని కల్పించడం మొదటిది. మంచి నాటకాన్ని జనానికి అందించడం రెండవది. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగడం సులభం కాదు. నియమం ప్రకారం పనిలో చేరేవారిలో పదింట తొమ్మిది మంది ప్రభుత్వ సహాయ జాబితాలో పేరున్న నిరుపేదలై ఉండాలి. అంటే దర్శకుడు తన నాటకానికి తగిన నటుణ్ణి వెదుక్కోవడం కాదు, ఉన్న నటులకు తగిన నాటకాన్ని వెదుక్కోవాలి. వారిలో ప్రతిభావంతులు ఉన్నారు, గొంతు పోయిన ముదుసలులు ఉన్నారు, సర్కసులో గంతులు వేసినవారు ఉన్నారు, ఇంద్రజాలికులు ఉన్నారు. పైగా నిధులలో అధిక భాగం జీతాలకే చెల్లించాలి. తెరలకు, దుస్తులకు మిగిలేది స్వల్పం. న్యూయార్కులో నటునికి వారానికి ఇరవై మూడు డాలర్లకు కొంచెం పైగా ముట్టేది. అది బ్రతుకు గడవడానికి సరిపోయే మొత్తమే కాని సంపద కూడబెట్టేది కాదు.

హాలీ ఫ్లానగన్ ఈ అడ్డంకులనే సోపానాలుగా మలచుకున్నది. సర్కసు కళాకారులతో సర్కసు నడిపించింది. బొమ్మలాటగాళ్ళను బడులకు పంపింది. వృద్ధ హాస్యనటులను ఆసుపత్రులకు, అనాథాశ్రమాలకు పంపింది. అడవులలో పనిచేసే యువకుల శిబిరాలకు నాటక బృందాలు వెళ్ళాయి. ఇంగ్లీషులోనే కాక యిడ్డిష్, స్పానిష్ వంటి భాషలలోనూ ప్రదర్శనలు జరిగాయి. పథకం ఉచ్ఛస్థితిలో ఉన్నప్పుడు పన్నెండు వేలకు పైగా వ్యక్తులు ఇందులో పనిచేశారు. ప్రదర్శనలలో ఎక్కువ భాగం ఉచితం. టిక్కెట్టు పెట్టినచోట కూడా వెల సామాన్యునికి అందుబాటులోనే ఉండేది. అంతవరకు నటుణ్ణి కళ్ళెదుట చూసి ఎరుగని లక్షలాది జనం మొదటిసారి నాటకం చూశారు.

ప్రసిద్ధ ప్రదర్శనలు

నల్లజాతి కళాకారుల కోసం అనేక నగరాలలో ప్రత్యేక బృందాలు ఏర్పడ్డాయి. అప్పట్లో వారికి వ్యాపార నాటకరంగంలో దక్కేవి సేవకుల పాత్రలు, విదూషకుల పాత్రలు మాత్రమే. 1936 ఏప్రిల్‌లో న్యూయార్కులోని హార్లెమ్ పేటలో షేక్స్పియర్ రచించిన 'మాక్‌బెత్' నాటకాన్ని కేవలం నల్లజాతి నటులతో ప్రదర్శించారు. దర్శకుడు ఆర్సన్ వెల్స్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు. స్కాట్లాండులో జరిగే కథను అతడు కరీబియన్ దీవుల నేపథ్యానికి మార్చాడు. తొలి రాత్రి నాటకశాల ముందు జనం వేలాదిగా మూగి వీధిలో రాకపోకలు స్తంభించాయి. రాజుగా, సేనానిగా తమవారిని వేదిక మీద చూసుకోవడం హార్లెమ్ ప్రజలకు గర్వకారణమైంది.

ఈ పథకం ప్రపంచ రంగస్థలానికి ఇచ్చిన విశిష్టమైన కానుక 'సజీవ వార్తాపత్రిక'. పెద్ద సంఖ్యలో ఉన్న నటులకు, పని పోయిన పత్రికా విలేఖరులకు ఒకేసారి పని దొరకాలి. తెరలకు పెద్దగా ఖర్చు కాకూడదు. ఈ అవసరంలోనుండే ఆ రూపం పుట్టింది. విలేఖరులు ఒక సమస్యను తీసుకొని చట్టసభల నివేదికలు, పత్రికల వార్తలు, గణాంకాలు సేకరించేవారు. వాటిని చిన్న చిన్న దృశ్యాలుగా కూర్చి, వెలుగునీడలతో, ధ్వనివర్ధకం నుండి వినవచ్చే వ్యాఖ్యాత గొంతుతో ప్రదర్శించేవారు. 1936లో రైతుల అవస్థ మీద, 1937లో విద్యుచ్ఛక్తి మీద, 1938లో పేదల ఇళ్ళ మీద ఇటువంటి నాటకాలు వచ్చాయి. విద్యుత్తు నాటకంలో ఒక సామాన్య వినియోగదారుడు తన ఇంటి బిల్లు ఎందుకింత పెరిగిందని అడుగుతూ సాగుతాడు. ఇళ్ళ నాటకానికి న్యూయార్కు వేదిక మీద శిథిలమైన నాలుగంతస్తుల భవనాన్నే నిలబెట్టారు. గాలీ వెలుతురూ లేని గదులు, ఒక్క నిప్పురవ్వకు తగలబడే మెట్లు ప్రేక్షకుల కళ్ళెదుట నిలిచాయి. ఇతర నగరాలు ఆ నాటకాన్ని తమ ఊరి పరిస్థితులకు అనుగుణంగా మార్చుకున్నాయి.

1936 అక్టోబరు 27వ తేదీన మరొక అపూర్వ ఘట్టం జరిగింది. అమెరికాలోనే నియంతృత్వం తలెత్తితే ఎలా ఉంటుందో చూపుతూ సింక్లెయిర్ లూయిస్ రాసిన నవలను నాటకంగా మార్చి, ఒకే రాత్రి దేశవ్యాప్తంగా ఇరవైకి పైగా నాటకశాలలలో ప్రదర్శించారు. హిట్లర్, ముస్సోలినీ ఐరోపాను వణికిస్తున్న రోజులవి.

ధనం ఇచ్చిన చేయి – నోరు మూసిన చేయి

ఆంక్షలు ఉండవన్న మాట ఎక్కువకాలం నిలవలేదు. 1936 జనవరిలోనే, ఇథియోపియా మీద ఇటలీ దండయాత్రను గురించిన తొలి సజీవ వార్తాపత్రికకు ప్రభుత్వం అడ్డు చెప్పింది. పరదేశ పాలకుల పాత్రలను వేదిక మీద చూపరాదన్నది. న్యూయార్కు శాఖాధిపతి, నాటకకర్త ఎల్మర్ రైస్ నిరసనగా రాజీనామా చేశాడు. హాలీ ఫ్లానగన్ ఉండిపోయింది. తాను కూడా తప్పుకుంటే వేలమంది జీతం ఆగిపోతుందన్న బెంగ ఆమెది. స్వేచ్ఛ కోసం పదవిని వదులుకోవడమా, పదిమంది అన్నం కోసం కొంత అవమానాన్ని దిగమింగడమా అన్న సంకటం ఆ నాలుగేళ్ళూ ఆమెను వెన్నాడింది.

1937 జూన్ 16న ఇంకొక పరీక్ష ఎదురైంది. ఉక్కు కార్మికుల సంఘాన్ని గురించి మార్క్ బ్లిట్జ్‌స్టైన్ రచించిన సంగీత నాటకం ప్రదర్శనకు సిద్ధమైంది. అంతలో నిధుల కోత పేరుతో కొత్త ప్రదర్శనలు ఆపవలసిందని ఉత్తర్వు వచ్చి, నాటకశాలకు తాళం పడింది. దర్శకుడు వెల్స్, నిర్మాత జాన్ హౌస్‌మన్ మరొక నాటకశాలను అద్దెకు తీసుకున్నారు. నటులు, ప్రేక్షకులు కలిసి ఇరవై వీధుల దూరం నడిచి అక్కడికి చేరారు. నటుల సంఘం నియమం వలన నటులు వేదిక ఎక్కే వీలు లేదు. రచయిత ఒక్కడే వేదిక మీద పియానో ముందు కూర్చున్నాడు. నటులు ప్రేక్షకుల నడుమ తమ తమ ఆసనాల వద్దనే లేచి నిలబడి పాత్రలను అభినయించారు. తెరలూ వేషాలూ లేని ఆ రాత్రి ప్రదర్శన చరిత్రలో నిలిచిపోయింది.

విచారణ – ముగింపు

ఈలోగా చట్టసభలో వ్యతిరేకత బలపడింది. తమ ప్రసంగాలే ఇళ్ళ నాటకంలో సంభాషణలై వినిపించినందుకు కొందరు సెనేటర్లు కినుక వహించారు. నల్లవారు, తెల్లవారు ఒకే పథకంలో కలిసి పనిచేయడం కొందరికి కంటగింపు అయింది. పన్నులు కట్టేవారి సొమ్ము నాటకాల పాలు చేయడం తగదని మరికొందరి వాదన. పథకంలో కమ్యూనిస్టులు చేరారన్న ఆరోపణ వీటన్నింటికీ తోడైంది. దేశద్రోహ కార్యకలాపాలపై విచారణకు మార్టిన్ డైస్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ముందు 1938 డిసెంబరు 6న హాలీ ఫ్లానగన్ హాజరైంది.

అక్కడ జరిగిన ఒక సంఘటన నేటికీ చెప్పుకొంటారు. ఆమె పాత వ్యాసంలో క్రిస్టఫర్ మార్లో పేరు ఉండడం చూసి, అతడు కమ్యూనిస్టా అని ఒక సభ్యుడు ప్రశ్నించాడు. మార్లో షేక్స్పియర్‌కు కొంచెం ముందు వెలుగొందిన గొప్ప నాటకకర్త అనీ, అతడు గతించి మూడు వందల ఏళ్ళు దాటిందనీ సభ్యునికి తెలియదు. ఆమె ఆ సంగతిని శాంతంగా వివరించింది. సభలో నవ్వులు చెలరేగాయి. కానీ ఆమె నవ్వలేదు. వేలమంది జీవనోపాధి ఆ గదిలో నిర్ణయమవుతున్నదని ఆమెకు తెలుసు. తాను సిద్ధపరచుకొని వచ్చిన పూర్తి వివరణను వినిపించే అవకాశం ఆమెకు లభించలేదు.

1939 జూన్ 30వ తేదీతో నాటక శాఖకు నిధులు నిలిపివేస్తూ చట్టసభ తీర్మానించింది. మిగిలిన ఉపశమన పనులన్నింటికీ నిధులిచ్చే బిల్లులోనే ఈ నిషేధం ఉండడం వలన రూజ్‌వెల్ట్ ఇష్టం లేకుండానే సంతకం చేయవలసి వచ్చింది. ఆఖరి రాత్రి న్యూయార్కులో పిల్లల నాటకం 'పినోకియో' నడుస్తున్నది. కొయ్యబొమ్మ నిజమైన బాలుడుగా మారడం ఆ కథకు ముగింపు. ఆ రాత్రి మాత్రం ముగింపు మార్చి, పినోకియో మరణించినట్లు చూపారు. ప్రేక్షకులు చూస్తుండగానే రంగస్థల కార్మికులు తెరలనూ కట్టడాలనూ విప్పివేశారు. ఎనిమిది వేలమందికి ఉపాధి పోయిన రోజు అది.

చివరి రోజులు

నాలుగేళ్ళలో ఆ పథకానికి అయిన ఖర్చు సుమారు 4 కోట్ల 60 లక్షల డాలర్లు. ప్రదర్శనలు చూసినవారి సంఖ్య మూడు కోట్ల దాకా ఉంటుందని అంచనా. ఆర్సన్ వెల్స్, ఆర్థర్ మిల్లర్, బర్ట్ లాంకాస్టర్ వంటి ప్రసిద్ధులు తమ తొలినాళ్ళలో ఈ పథకం నీడన పనిచేసినవారే.

హాలీ ఫ్లానగన్ ఆ అనుభవాలను 'అరీనా' అనే గ్రంథంగా 1940లో వెలువరించింది. అదే సంవత్సరం రెండవ భర్త ఫిలిప్ డేవిస్ మరణించాడు. 1942లో స్మిత్ కళాశాలలో డీన్‌గా చేరి, 1955 వరకు ఆ కళాశాలలో సేవలందించింది. చివరి సంవత్సరాలలో వణుకు వ్యాధితో బాధపడి 1969లో కన్నుమూసింది. తన పథకపు నాటక ప్రతులు, చిత్రాలు, రంగాలంకరణ నమూనాలు ఏమైనాయో ఆమె జీవించి ఉండగా లోకం పట్టించుకోలేదు. ఆమె మరణించిన అయిదేళ్ళకు, 1974లో, బాల్టిమోర్ సమీపాన ఒక పాత విమానశాలలో అవి బయటపడ్డాయి. ఆ తరువాతనే పండితులు ఆమె కృషికి తగిన విలువ కట్టనారంభించారు.

మన నేలతో పోల్చిచూస్తే

హాలీ ఫ్లానగన్ నాటకశాలలు మూతపడిన నాలుగేళ్ళకు మన దేశంలో బెంగాల్ క్షామం వచ్చింది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి తెలుగునాట ఊరూరా తిరిగి నాటకాలు, బుర్రకథలు ప్రదర్శించి క్షామపీడితుల దుఃస్థితిని జనానికి తెలిపింది. డాక్టర్ గరికపాటి రాజారావు, షేక్ నాజర్ వంటి కళాకారులు ఆ ఉద్యమానికి ప్రాణం పోశారు. వారికి ప్రభుత్వ ధనం లేదు. ప్రజలు ఇచ్చిన చందాలే ఆధారం. వారి 'మా భూమి' నాటకం ప్రభుత్వ నిషేధానికి కూడా గురైంది. ఇటీవలి కాలంలో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన పిమ్మట సాంస్కృతిక సారథి అనే సంస్థ ద్వారా అయిదు వందలకు పైగా కళాకారులను ప్రభుత్వం జీతంతో కూడిన ఉద్యోగాలలో నియమించింది. పాటగాణ్ణి పాటగానిగానే గుర్తించి అన్నం పెట్టడం ఆ ఏర్పాటులోని విశేషం.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ప్రజల చందాతో నడిచే కళకు మాట స్వేచ్ఛ ఉంటుంది, భోజనానికి భరోసా ఉండదు. ప్రభుత్వ జీతంతో నడిచే కళకు భోజనానికి భరోసా ఉంటుంది, మాటకు కాపలా ఉంటుంది. ఈ రెండూ ఒకేచోట ఉండగలవని నమ్మి, నాలుగేళ్ళపాటు ఒక పెద్ద దేశంలో దానిని నిజం చేయడానికి పెనుగులాడిన వ్యక్తి హాలీ ఫ్లానగన్. ఆమె చివరకు ఓడిపోయి ఉండవచ్చు. కానీ ఆ నాలుగేళ్ళలో వేలాది ఇళ్ళలో పొయ్యి వెలిగింది. ఆ ఇళ్ళ నటులు చేయి చాచి అడుక్కోకుండా, తమ విద్యతోనే తమ అన్నం సంపాదించుకున్నారు.

ప్రశ్నలు

1. ఫెడరల్ థియేటర్ ప్రాజెక్ట్ లక్ష్యాలను, వాటి సాధనలో హాలీ ఫ్లానగన్ ఎదుర్కొన్న ఇబ్బందులను వివరించండి.
2. 'సజీవ వార్తాపత్రిక' అనే నాటకరూపం ఏ అవసరాల నుండి పుట్టింది?
3. ఎల్మర్ రైస్ రాజీనామా చేసినప్పుడు హాలీ ఫ్లానగన్ ఎందుకు పదవిలో కొనసాగింది? ఆమె నిర్ణయాన్ని గురించి మీ అభిప్రాయం రాయండి.
4. ప్రజల చందాతో నడిచే కళకు, ప్రభుత్వ జీతంతో నడిచే కళకు గల భేదాన్ని సోదాహరణంగా తెలపండి.